విప్పి చూచుకొనదగిన యంత్రము

పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు చేరువగా రొంపిచెర్ల యను గ్రామము కలదు. మండల కేంద్రము. సాగరు కుడికాలువ నీటితో పండు మాగాణి కొంత, ప్రత్తి, మిరప వేయు మెట్ట కొంత గల ప్రాంతమది. మిరప కల్లములమీద రైతుల మాటలు రికార్డు చేసికొనుటకై గడచిన వేసవి మొదట మేము అక్కడికి వెళ్ళితిమి. పని సగములో ఉండగా మా మైకుతీగ మొదట తెగినది. అతికించువారెవరని విచారించగా సెల్‌ఫోన్లు బాగుచేయు ఒక చిన్న దుకాణమును చూపించిరి. ఈ ప్రసంగమునకు మూలము మైకుతీగ కాదు. ఆ దుకాణములో గడపిన గంటన్నర కాలము.

దుకాణమనగా ఆరడుగుల వెడల్పు గది. ఒక బల్ల, దానిమీద భూతద్దము బిగించిన దీపము, వేడిగాలి గొట్టము, సోల్డరింగు కడ్డీ, మరలు వేసిన రేకుడబ్బాలు. బల్లకు ఈవల కౌలురైతు ఒకాయన, ఇంజనీరింగు చదువుచున్న ఆయన కుమార్తె నిలుచుండిరి. వారి ముందు ఒక ల్యాప్‌టాప్ తెరచియున్నది. గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మిన డబ్బుతో రెండేండ్ల క్రిందట ఏబదిరెండు వేలకు కొన్నారట. పదునైదు దినములుగా అది వెలుగుట లేదు. పట్టణములో చూపించగా, మదర్‌బోర్డు పోయినది, మార్చవలెను, ఇరువదినాలుగు వేలగునని చెప్పిరట. ఆ మాట విని తండ్రి యంత్రమును సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చివేసినాడు. పరీక్షలు నెలన్నర యున్నవి.

కుర్రవాడు మీటరు ముల్లులు రెండుమూడు చోట్ల ఆనించి చూచినాడు. భూతద్దము క్రింద మరల చూచినాడు. "బాబాయ్, బోర్డు పోలేదు. చార్జింగు పెట్టే పిన్ను ఊడింది. అంతే" అన్నాడు. ఆ తండ్రి నమ్మలేదు. మేమును నమ్మలేదని ఒప్పుకొనవలెను.

ఆ యంత్రములో విద్యుత్తు ప్రవేశించు ద్వారము చిటికెనవ్రేలి గోరంత లోహపు గూడు. ప్రతిదినము తీగ దూర్చుట, లాగుట దానిమీదనే. అంత రాపిడికి లోనగు వస్తువును అంత విలువగల ప్రధాన ఫలకమునకే అతికించియున్నారు. గూడు అరిగినయెడల ఫలకమంతయు మార్చవలెననుట, గడియ ఊడినదని తలుపే కాదు, గోడయు పడగొట్టుమనుట వంటిది. దోషము పట్టణపు దుకాణముదని మేమనము. విడిభాగములు వారికి రావు; నకాసులు వారికి ఈయరు; ఫలకము మొత్తముగా తెప్పించి వేయుటయే వారికి నేర్పిన పని.

ఇక్కడ మా సొంత గోడు ఒకటి చెప్పుకొందుము. మూడేండ్ల క్రిందట మా యంత్రములో ఒక్క మీట పనిచేయుట మానినది. మీటల పలకను పైరేకునకు రివిట్లతో బిగించి, బ్యాటరీని ఆ రేకునకే జిగురుతో అంటించినారట. ఒక్క అక్షరము కొరకు బ్యాటరీతోగూడ యంత్రపు పై సగము కొనవలెననిరి. చాలకాలము మేము ఆ అక్షరమును వేరొకచోటనుండి తెచ్చి అంటించుకొనుచు ప్రసంగములు వ్రాసితిమి.

రేడియోలో పనిచేయువారమగుటచే మాకు వెంటనే వాల్వుల రేడియో జ్ఞాపకమునకు వచ్చుచున్నది. మా తండ్రిగారి రేడియో వెనుకనున్న అట్టను నాలుగు మరలు త్రిప్పి తీయవచ్చును. లోపల ఏ వాల్వు ఎక్కడ కూర్చుండునో చూపు కాగితము పెట్టెకే అంటించియుండెడిది. వాల్వు మాడినచో వ్రేళ్ళతో ఊడబెరికి, అదే సంఖ్యగల మరియొకదానిని గ్రుచ్చెడివారు. మిగిలిన పెట్టెకు ఏ హానియు లేదు. ఎద్దుబండి సంగతియు ఇంతే. ఆకు విరిగినచో ఆకు, ఇరుసు అరిగినచో ఇరుసు, కాడి పగిలినచో కాడి. కాడి విరిగినదని బండిని అమ్ముకొన్న రైతు పల్నాటిలో ఉండడు. ఈ వస్తువులను చేసినవారు వాటిని బాగుచేయువానిని ముందుగనే మనస్సులో ఉంచుకొనిరి.

ఒడిలో పెట్టుకొను గణనయంత్రమును గూడ ఈ పద్ధతిలో చేయవచ్చునా? చేయవచ్చునని కొందరు చేసి చూపించినారు. అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున నీరవ్ పటేల్ అను నాతడు ఫ్రేమ్‌వర్క్ అను సంస్థను స్థాపించి, 2021లో మొదటి ల్యాప్‌టాప్‌ను వెలువరించెను. దాని అడుగున ఐదే మరలు. అవి వదులైనను ఊడి క్రిందపడవు. వాటిని త్రిప్పు సాధనము పెట్టెలోనే వచ్చును. లోపలి భాగములపై చిన్న చదరపు గుర్తులు ముద్రించినారు. ఫోనుతో చూచినచో ఆ భాగమును గూర్చిన వివరము, మార్చు విధానము తెలియును. జ్ఞాపకశక్తి పలకలు, నిల్వపలక, బ్యాటరీ, మీటల పలక, తెర వేటికవి విడదీయవచ్చును. తెర చుట్టునున్న చట్రము అయస్కాంతములతో నిలిచియుండును.

మా దృష్టిలో అన్నింటికంటె తెలివైన యేర్పాటు ద్వారముల విషయమున కలదు. యంత్రమునకు ఇరుప్రక్కల నాలుగు అరలున్నవి. ఒక్కొక్క అరలో అగ్గిపెట్టెకంటె చిన్నదైన బిళ్ళను దూర్చవలెను. ఒక బిళ్ళ తెరతీగకు, ఒకటి పెన్‌డ్రైవునకు, ఒకటి విద్యుత్తునకు. రాపిడి బిళ్ళకు తగులును గాని ఫలకమునకు తగులదు. రొంపిచెర్ల అమ్మాయి యంత్రములో చెడిన భాగము సరిగా ఇదియే. బిళ్ళల యంత్రమైనచో ఆమె తానే వ్రేలితో లాగి, ప్రక్క అరలోని బిళ్ళతో ఆ రాత్రియే చదువు సాగించియుండును.

ఇంకొక సంగతి. 2022లో ఆ సంస్థ క్రొత్త ప్రాసెసరుగల ఫలకమును విడిగా అమ్మకమునకు పెట్టినపుడు, అది 2021 నాటి శరీరములోనే ఇమిడినది. 2023లో వేరొక సంస్థ ప్రాసెసరుతో చేసిన ఫలకమును అటులే ఇమిడినది. పాతది పారవేయవలసిన వస్తువు కాలేదు. ఫలకమొక్కటియే తెరలేకయు పనిచేయగల చిన్న కంప్యూటరై నిలిచినది.

ఇట్టి యంత్రమునకు బలము కొన్నవారి చేతులలో కలదు. బిళ్ళల కొలతలను, కలుపుగొనల వివరములను, మాదిరి నమూనాలను సంస్థవారు అందరికి తెలియునట్లు ప్రకటించిరి. ఎవరైనను చేసికొనవచ్చును, మార్చవచ్చును, అమ్మవచ్చును. వెంటనే లోకములో పలుచోట్ల ఉత్సాహవంతులు పనికి పూనుకొనిరి. తీగలేని మౌసునకు కావలసిన చిన్న ముక్క పోగొట్టుకొనకుండ దాచుటకు ఒకరు బిళ్ళ చేసిరి. మైక్రోకంట్రోలరును ఇమిడ్చి కొలపరికరములు తగిలించుటకు మరియొకరు చేసిరి. తీసివేసిన పాత ఫలకములకు త్రీడీ ప్రింటరుపై పెట్టెలు పోసి, వాటిని బల్లకంప్యూటర్లుగా, తెర వెనుక అంటించు పరికరములుగా మార్చిరి. డీప్‌కంప్యూటింగ్ అను వేరొక సంస్థ అదే శరీరములో ఇమిడునట్లుగా రిస్క్-ఫైవ్ పద్ధతి ప్రాసెసరుగల ఫలకమును చేయుచున్నామని 2024లో ప్రకటించెను. రిస్క్-ఫైవ్ అనునది 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్‌క్లీ శాఖలో పుట్టిన, ఎవరి సొత్తును గాని ఆదేశావళి. ఒకరు చేసిన దేహములో వేరొకరు చేసిన మెదడు! జర్మనీలోని బెర్లిను నగరమున ఎమ్మెన్టీ రిఫార్మ్ అను యంత్రమును చేయువారు ఇంకను ముందుకు పోయి, ఫలకముల నకాసులనే బహిరంగపరచిరి. దాని బ్యాటరీ అంటించిన దిండు కాదు. చేతిదీపములో వేయునట్లు వరుసగా పేర్చిన ఎనిమిది గుండ్రని సెల్లులు.

సాఫ్టువేరు విషయమున ఈ భావము మన తెలుగువారికి క్రొత్తది కాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ వంటి సంస్థలు తెరచియుంచిన సాఫ్టువేరును కళాశాలలలో వ్యాప్తి చేయుచు, తెలుగులోనికి తెచ్చుచు చాలకాలముగా పాటుపడుచున్నవి. చదువదగినది మార్చదగినదియు కావలెనను ఆ పట్టుదల ఇప్పుడు లోహమునకు, ప్లాస్టిక్కునకు విస్తరించుచున్నది.

అయినను శ్రోతలు మమ్ము అమ్మకపుదారులని భావింపరాదు. నరసరావుపేట దుకాణములలో ఆ యంత్రము మాకు కనబడలేదు. అదే శక్తిగల సామాన్య యంత్రముకంటె దానికి వెల హెచ్చు. విడదీయు యంత్రము లావగునను వాదము మాత్రము నిలువదు. మొదటి ఫ్రేమ్‌వర్కు మందము పదునారు మిల్లీమీటర్లకు లోపు, బరువు కిలోమూడువందల గ్రాములు. కాని 2025లో అదే సంస్థ ప్రకటించిన బల్లకంప్యూటరులో జ్ఞాపకశక్తిని ఫలకమునకు అతికించిరి. వేగము కొరకు తప్పలేదని చెప్పిరి. నిజమే కావచ్చును, అయినను మాకది రుచింపలేదు.

మరియొక సందేహమును గలదు. భాగమునకు భాగము మార్చు పద్ధతిలో, ఫలకముమీద ఆవగింజంత కెపాసిటరు చెడినను ఫలకమంతయు మార్చుమనియే అందురు. ప్రాసెసరు దానికే అతికియుండును గదా. అప్పుడును ఆ ఆవగింజను గుర్తించి మార్చగలవాడు కావలెను. రొంపిచెర్ల కుర్రవాడు చేసినది ఆ పనియే. విప్పదగిన యంత్రము వానికి బదులు కాదు. వాని చేతికి అందవలసిన వస్తువు. అతడు నకాసులను ఎక్కడెక్కడినుండియో దొంగచాటుగా సంపాదించుకొని నేర్చినాడు. తన పనికి కావలసిన కాగితమును దొంగవలె చూడవలసిన వృత్తి వేరొకటి ఉన్నదా?

ప్రభుత్వములు మేల్కొనుచున్నవి. ఫ్రాన్సులో 2021 జనవరినుండి ల్యాప్‌టాప్‌లు మొదలగు వస్తువులకు, బాగుచేయుట ఎంత సులభమో తెల్పు అంకెను వెలతోబాటు చూపవలెనని నియమము పెట్టిరి. ఐరోపా సమాజము 2023లో చేసిన బ్యాటరీ నిబంధనల ప్రకారము 2027 ఫిబ్రవరినుండి చేతిపరికరముల బ్యాటరీలను వాడుకొనువారే తీసి మార్చుకొనగలుగునట్లు చేయవలెను. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో బాగుచేయించుకొను హక్కునుగూర్చి ఒక సంఘమును నియమించి, ఆ డిసెంబరులో వివరములు తెలుపు పోర్టలును ప్రారంభించినది. సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, వాహనములు, వ్యవసాయ పరికరములు అందులో చేరినవి. వ్యవసాయ పరికరములను చేర్చుట మంచిపని; ట్రాక్టరు నాగటిసాలులో నిలిచిపోయినపుడు పదును ఆగదు.

మరల దుకాణమునకు వత్తము. కుర్రవాడు మూలనున్న అట్టపెట్టెలోనుండి చచ్చిన ఫలకమునొకదానిని తీసి, వేడిగాలి పట్టి, దాని గూడును ఊడదీసెను. పాత గూడును అటులే తొలగించి, శుభ్రపరచి, క్రొత్తదానిని కూర్చెను. ఇరువదినాలుగు కాళ్ళు, ఒక్కొక్కటి వెండ్రుకవాసి యెడము. ఆ పని జరుగుచున్నంతసేపు తండ్రి ఊపిరి బిగబట్టి నిలుచుండెను. తీగ తగిలించగా చిన్న దీపము వెలిగినది. అమ్మాయి చేతులు రెండును నోటికి అడ్డము పెట్టుకొన్నది.

"అన్నా, దీంట్లో ర్యామ్ పెంచవచ్చా? ఎనిమిది జీబీయే ఉంది. ప్రాజెక్టుకి చాలట్లేదు" అని ఆమె అడిగినది.

కుర్రవాడు ఫలకమును వంచి, నల్లని చిన్న పలకలను చూపినాడు. "ఇవేనమ్మా. బోర్డుకే అతికించేశారు. ఖాళీ గూడు పెట్టలేదు. నేను పీకి వేరేవి పెట్టినా అది ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు. ఉన్నది చెడగొట్టుకోవద్దు."

తీగ అతుకుచుండగా మేము మా ఫోనులో బిళ్ళల నమూనాలను వానికి చూపితిమి. కొలతలను తన వ్రేలిమీద అంచనా వేసికొని, కొంతసేపు చూచి, "లోపల ఉన్నది టైప్-సీ పిన్నే గదా సార్. దీనికి పెద్ద ఫ్యాక్టరీ ఎందుకు? డబ్బా ఒక్కటే కావాలి" అన్నాడు. "మా కాలేజీలో త్రీడీ ప్రింటరు ఉంది, తాళం వేసి పెడతారు" అని అమ్మాయి అన్నది. తాళము ఎవరియొద్ద ఉండునని అతడు అడిగినాడు. ఆమె ఎవరి పేరో చెప్పినది. అతడు రసీదు పుస్తకము వెనుకవైపున కొలతలు మూడును వ్రాసికొన్నాడు.

పనికి నాలుగువందల ఏబది రూపాయలు తీసికొన్నాడు. మా మైకుతీగకు ఏమియు పుచ్చుకొనలేదు. ఊడదీసిన పాతగూడును కాగితములో పొట్లముకట్టి ఆ తండ్రి చేతికిచ్చినాడు. ఆయన దానిని విప్పి, వెలుగులో త్రిప్పి త్రిప్పి చూచి, "ఇంతేనా!" అని, మరల మడిచి చొక్కాజేబులో వేసికొన్నాడు.