చర్చి పుస్తకము – పూర్వుల జాడ



ఇంగ్లండు పల్లెలలో సామాన్యపు రైతుకూలీ సైతము నాలుగు శతాబ్దముల నాటి తన పూర్వుని పేరు చెప్పగలుగుట కలదు. దానికాధారము ఊరి చర్చిలోని పుస్తకము. 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చియందును బాప్తిస్మములు, వివాహములు, ఖననములు వారము వారము వ్రాయవలెననియు, ఆ పుస్తకమును రెండు తాళముల పెట్టెలో భద్రపరుపవలెననియు ఆజ్ఞాపించెను. ఒక తాళపుచెవి గురువు వద్ద, రెండవది ఊరిపెద్దల వద్ద నుండెడిది.

ఈ ఆచారము మన అల్వాలు పొరుగుననే యున్న బొల్లారమునకును వచ్చినది. అచట హోలీ ట్రినిటీ చర్చి 1847లో వెలసినది. ఆ కాలమున భారతదేశపు చర్చి పుస్తకముల నకళ్లు లండనుకు పోవుచుండెను. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. ఇచట కన్నుమూసిన సైనికుల జాడను వారి సంతతివారు వానిలో వెదకికొందురు.

అయినను ఒక లోపము గలదు. ఆంగ్ల సైనికుని పెండ్లాడిన మన దేశపు స్త్రీకి బాప్తిస్మపు పేరు మాత్రమే పలుచోట్ల వ్రాయబడినది. ఆమె తండ్రి యెవరో, ఊరేదో కానరాదు. తండ్రి వంశము సముద్రము దాటియు దొరకును. తల్లి వంశము ఆ పంక్తితోనే తెగిపోవును.

మన దఫ్తరములు మాత్రము వేరా? పట్టాదారుని పేరుండును, భూమిలేని కూలివాని పేరుండదు. తద్దినమునాడు ముత్తాత పేరు చెప్పగలవారికి ముత్తవ్వ పుట్టినూరు తెలియదు.

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయమందొక పుస్తకము తెరువుడు. ప్రతి యింటివారును, పట్టా యున్నను లేకున్నను, తమ పెద్దల పేర్లు వ్రాయింపుడు. తల్లుల పుట్టినూళ్లు మరువకుడు. వృద్ధులు జీవించియుండగానే అడిగి తెలిసికొనుడు.