ప్రపంచ పౌరసత్వపు చదువు – మన పిల్లలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే మాస్టర్ని. ఈ రోజు సభకు తెలుగు మిత్రులు కూడా వచ్చారు గనుక తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నాకిచ్చిన విషయం, హైస్కూలు విద్యార్థుల అంతర్జాతీయ వినిమయం, ప్రపంచ పౌరసత్వ విద్య. ఈ మాట వినగానే "ఇది డబ్బున్నవాళ్ళ పిల్లల సంగతి, మనకెందుకు మాస్టారూ" అని కొందరికి తోచవచ్చు. అది మన పిల్లల సంగతే అని చెప్పటానికే నిలబడ్డాను.

ముందు ఒక అపోహ తొలగించాలి. ప్రపంచ పౌరుడు కావటమంటే ఇంకో దేశపు పాస్‌పోర్టు సంపాదించటం కాదు. తన దేశపు పౌరుడుగా ఉంటూనే, ఇతర దేశాల మనుషుల కష్టసుఖాలు తనకూ సంబంధించినవేనని తెలుసుకోవటం. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1953లో యునెస్కో 15 దేశాల నుంచి 33 పాఠశాలలను ఎంచి, పరస్పర అవగాహన నేర్పే పని మొదలుపెట్టింది. 1974లో ఈ విద్యను గురించి సభ్యదేశాలన్నిటికీ ఒక సిఫార్సు చేసింది. 2023లో దాన్ని కొత్త కాలానికి తగ్గట్టు సవరించింది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న లక్ష్యాలలో, 4.7 అనే అంశం కింద, ప్రపంచ పౌరసత్వ విద్య అనే మాటే చేరింది.

ఇక విద్యార్థులను ఒక దేశం నుంచి మరో దేశానికి పంపే పనిని చేపట్టినవాళ్ళలో ఎవరున్నారో వింటే ఆశ్చర్యపోతారు. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ గాయపడిన సైనికులను అంబులెన్సులలో మోసిన అమెరికన్ వాలంటీర్ల సంస్థ ఒకటుంది. పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్, క్లుప్తంగా ఏ.ఎఫ్.ఎస్. రెండో యుద్ధం ముగిశాక వాళ్ళు అంబులెన్సులు పక్కనపెట్టి, 1947లో 10 దేశాల నుంచి 52 మంది విద్యార్థులను పిలిపించి అమెరికా ఇళ్ళలో ఉంచి చదివించారు. యుద్ధాన్ని కళ్ళారా చూసినవాళ్ళు గనుకనే, ఒకరి ఇంట్లో ఒకరు భోంచేసిన పిల్లలు రేపు ఒకరినొకరు చంపుకోవటానికి తేలికగా ఒప్పుకోరని నమ్మారు.

మనకు మరీ దగ్గరిది ఇంకొకటి ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో ముస్లిములంటే అనుమానం, ముస్లిం దేశాలలో అమెరికా అంటే కోపం బాగా పెరిగాయి. ఆ సమయంలో, 2002లో, కెనెడీ, లూగర్ అనే ఇద్దరు సెనేటర్ల చొరవతో 'యస్' అనే పథకం పెట్టారు. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల నుంచి 15 – 17 ఏళ్ళ విద్యార్థులు అమెరికా వెళ్ళి, ఒక విద్యా సంవత్సరం అక్కడి కుటుంబంతో ఉంటూ హైస్కూల్లో చదవాలి. ఖర్చు అమెరికా ప్రభుత్వానిది. మన దేశపు పిల్లలు కూడా ఈ పథకం కింద వెళ్ళారు. ఇలాంటివి ప్రభుత్వాల బడ్జెట్ మీద నడుస్తాయి, ఏడాది ఏడాదికీ మారుతాయి; కాబట్టి ఏ ఏటి ప్రకటన ఆ ఏడు చూసుకోవాలి.

"తిండి ఎట్లా? నమాజు ఎట్లా? ఆడపిల్లను అంత దూరం పంపటమా?" ఈ ప్రశ్నలు అడగవలసినవే. పిల్లను ఉంచుకునే కుటుంబాన్ని ముందుగా విచారించి ఎంపిక చేస్తారు. ఆ కుటుంబం డబ్బు తీసుకోదు. ఆ ఊళ్ళో ఒక ప్రతినిధి ఉండి నెలనెలా పిల్ల యోగక్షేమాలు కనుక్కోవాలి. తిండి విషయం, ప్రార్థన విషయం దరఖాస్తులోనే రాయవచ్చు. ఇంతా విని పంపటమా, మానటమా అన్నది మీ ఇష్టం. కాని ఫారం చూడకుండానే వద్దనకండి. 1895లో, విమానాలు లేని కాలంలో, పదహారేళ్ళ పిల్ల హైదరాబాదు నుంచి నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్ళింది. ఆమే సరోజినీ నాయుడు.

అయితే ఒక మాట. ఇలా వెళ్ళగలిగేవాళ్ళు వేలలో ఒకరు. తక్కిన పిల్లల మాటేమిటి?

వాళ్ళకు ప్రపంచం ఇంట్లోనే ఉన్నదండీ. మన రాయలసీమలో, ముఖ్యంగా కడప జిల్లాలో, కువైట్‌కో సౌదీకో మనిషిని పంపని వీధి ఏది? నాన్న అక్కడ డ్రైవరు, అమ్మ అక్కడ ఇంటిపని. పిల్లలకు తెలిసిన గల్ఫ్ ఏమిటంటే, నెలనెలా వచ్చే డబ్బు, సెలవుల్లో వచ్చే అత్తరు, చాక్లెట్లు. మా తొమ్మిదో తరగతి పిల్లలకు నేనొక పని చెప్పాను. "ఈసారి ఫోను వచ్చినప్పుడు, నాకేం తెస్తావని కాదు, నీతో పనిచేసేవాళ్ళు ఏ దేశంవాళ్ళు అని అడగండి" అన్నాను. ఈజిప్టు, బంగ్లాదేశ్, నేపాల్, ఫిలిప్పైన్స్, శ్రీలంక! బోర్డు మీద పటం నిండిపోయింది. ఆ తరువాతే 'కఫాలా' అంటే ఏమిటో చెప్పాను: పనివాడి అనుమతి కాగితం యజమానికి ముడిపడి ఉండే పద్ధతి. ఇళ్ళలో పనిచేసేవారికి కూడా వారపు సెలవు, న్యాయమైన షరతులు ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక చేసిందని చెప్పాను. వెనుక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, "సార్, మా అమ్మకు శుక్రవారం కూడా సెలవు లేదు" అన్నది. ఆ రోజు పాఠం అందరికీ అర్థమైంది.

ఇంకొక సంగతి. వినిమయం అంటే ఇచ్చిపుచ్చుకోవటం. వెళ్ళి చూసి రావటం ఒక్కటే అయితే అది యాత్ర. మనల్ని గురించి ఎదుటివాడు అనుకునే తప్పును మనం దిద్దాలి, వాడిని గురించి మనం అనుకునే తప్పును వాడిచేత దిద్దించుకోవాలి. వెయ్యేళ్ళ కిందట అల్ బిరూనీ చేసినది ఇదే. గజనీ మహమూదు సైన్యాలు దండెత్తుతున్న రోజుల్లో ఆయన సంస్కృతం నేర్చుకొని, పండితుల దగ్గర కూర్చొని, ఇక్కడివారి శాస్త్రాలు, నమ్మకాలు వారు చెప్పుకునే విధంగానే రాశాడు. 1030 ప్రాంతంలో పూర్తయిన ఆ గ్రంథాన్ని పండితులు నేటికీ చదువుతున్నారు.

మన ఊళ్ళో ఉర్దూ మీడియం పిల్లలు, తెలుగు మీడియం పిల్లలు ఒకే వీధిలో నడిచి బడికి పోతారు. సంక్రాంతి ఎందుకు చేస్తారో వీళ్ళకు తెలియదు. రంజాన్‌లో ఉమ్మి కూడా మింగరట కదా అని వాళ్ళు అడుగుతారు. పక్కవీధి తెలియనివాడికి పారిస్ ఏం తెలుస్తుంది? పైగా ఈ పథకాల ఇంటర్వ్యూల్లో అడిగేది కూడా మీ ఊరేమిటి, మీ ఇల్లేమిటి, మీ ఇరుగుపొరుగు ఎవరు అనే. తన ఊరు చెప్పలేని పిల్లవాడు అక్కడికి తీసుకుపోయేదేమిటి?

అందుచేత సంఘం పెద్దలకు మూడు మనవులు.

ఒకటి. స్కాలర్‌షిప్పుల ప్రకటనలను ఉర్దూలోనూ తెలుగులోనూ సంఘం నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఫారాలు నింపటానికి చదువుకున్న యువకులు ఇద్దరు ఆదివారాలు కూర్చోవాలి. మన పిల్లల కాగితాల్లో పేర్లు కలవవు. ఒకదానిలో షేక్ ముందు, ఇంకొకదానిలో వెనుక. తండ్రి పేరు బడిలో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు. పాస్‌పోర్టు దగ్గర చిక్కు వచ్చేది ఇక్కడే. పదో తరగతికి ముందే సరిచేయించాలి.

రెండు. సంఘం పఠనాలయంలో వారానికి రెండు సాయంత్రాలు ఇంగ్లీషు మాట్లాడే తరగతి పెట్టాలి. ఆడపిల్లలకు వీలైన వేళ కూడా చూడాలి. మన పిల్లలు ఉర్దూ, తెలుగు, హిందీ ఇప్పటికే ఎరుగుదురు. మూడు భాషలు వచ్చినవాడికి నాలుగోది బరువు కాదు, జంకు ఒక్కటే అడ్డు.

మూడు. ఏడాదికి రెండుసార్లయినా ఉర్దూ, తెలుగు పాఠశాలల పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి, ఒకరిని గురించి ఒకరు రాసినది ఒకరిచేత ఒకరు దిద్దించే ఏర్పాటు చేయాలి. దీనికి ఖర్చు కాగితాలు, చాయ్ మాత్రమే. చాయ్ ఖర్చు నేను పెట్టుకుంటాను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మన పిల్లలు రేపు ఎలాగూ దేశాలు పోతారు. కూలికి పోతారా, చదువుకొని పోతారా, తమ హక్కు తెలిసి పోతారా, తెలియక పోతారా అన్నదే ప్రశ్న. దానికి జవాబు విమానాశ్రయంలో దొరకదు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే తయారవుతుంది.