“గ్యాసే లే” అనుకుంటున్నారా?

ఐఫోన్ తెచ్చిన స్టీవ్ జాబ్స్‌కి 2003లో పాంక్రియాస్‌లో ట్యూమర్ బయటపడింది. ఎలాగో తెలుసా? కిడ్నీల కోసం తీయించుకున్న సీటీ స్కాన్‌లో! బయాప్సీ చేస్తే అది అరుదైన న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని తేలింది.

ఇవి చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. కడుపునొప్పి, విరేచనాలు వస్తే గ్యాస్ అనుకుని ఏళ్లు గడిపేస్తాం. మామూలు పెట్ స్కాన్ గ్లూకోజ్ బాగా తినే కణాల్ని పట్టుకుంటుంది. ఇవేమో అంతగా తినవు, అందుకే ఒక్కోసారి తప్పించుకుంటాయి.

కానీ వీటిలో చాలావాటి కణాల మీద సొమాటోస్టాటిన్ రిసెప్టర్లు ఎక్కువ. అవి తాళాలు అనుకోండి. సరిపోయే తాళంచెవికి గాలియం-68 తగిలించి రక్తంలోకి ఎక్కిస్తారు. అది వెళ్లి తాళంలో కూర్చుంటుంది, స్కాన్‌లో ఆ చోటు వెలుగుతుంది. ఆ గాలియం 68 నిమిషాలకే సగమైపోతుంది. అమెరికాలో దీనికి అనుమతి 2016లో వచ్చింది, జాబ్స్ పోయిన దాదాపు ఐదేళ్లకి. ఇప్పుడు మన హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు.

అలాగని కడుపునొప్పి రాగానే ఈ స్కాన్‌కి పరిగెత్తొద్దు. అది డాక్టర్ రాయాల్సిందే, ఫైనల్ మాట బయాప్సీదే. కానీ వారాల తరబడి తగ్గకపోతే మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టుకోకండి, గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవండి. మీ ఇంట్లో “గ్యాసే లే” అనేవాళ్లుంటే ఈ వీడియో వాళ్లకి పంపండి!