దంతసేతువు – దాని సంరక్షణ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో పెద్దలు విద్యనుగూర్చియు, గ్రంథములనుగూర్చియు ప్రసంగించిరి. నేను పండ్లనుగూర్చి మాటలాడెదను. నవ్వకుడు. అయిదేండ్ల క్రిందట ఈ వేదికమీదనే భారతము చదువుచుండగా, ముందరి పన్నొకటి ఊడియుండుటచే నా సకారము ఈలయై వెలువడెను. పిల్లలు నవ్విరి. త, ద, న, ల, స అను వర్ణములను దంత్యములని మన వ్యాకర్తలు ఏల చెప్పిరో ఆనాడు నాకు తెలిసినది. పిమ్మట ఆరునెలలు పఠనమునకు రాకుంటిని.

పన్ను ఊడిన చోటు ఊరక ఉండదు. ఇరుప్రక్కల పండ్లు ఆ సందువైపు ఒరుగును. ఎదుటి పన్ను అందులోనికి జరుగును. దీనికి పట్టణమునందలి దంతవైద్యుడు మూడు మార్గములు చెప్పెను: తీసి పెట్టుకొను కట్టుడుపన్ను, ఎముకలో లోహపు మేకు నాటి దానిపై అమర్చు పన్ను, ప్రక్కపండ్ల ఆధారముతో కట్టు సేతువు, అనగా బ్రిడ్జి. నేను మూడవదానిని కోరితిని.

లెక్కలు వ్రాయువాడను గనుక నాకు తోచిన పోలిక చెప్పెదను. అప్పు తీర్చక పారిపోయినవానికి ఇరుగుపొరుగువారు జామీను నిలుచుట వంటిది ఈ సేతువు. రెండు ప్రక్కపండ్లను చుట్టును అరగదీసి, తొడుగులు తొడిగి, వాని నడుమ కృత్రిమదంతమును నిలుపుదురు. మూడును ఒకే ముక్క. అరగదీసిన పన్ను తిరిగి పెరగదు. కావున గట్టి పండ్లను ముట్టకముందే వేరుపాయము కలదా యని అడుగుడు. ఎక్స్‌రే తీయించి వేళ్ళను, చిగుళ్ళను చూపించుకొనుడు. ఖర్చును ముందే తెలిసికొనుడు.

పని రెండుమూడు పర్యాయములలో ముగియును. మత్తుసూది యిచ్చి, అరగదీసి, అచ్చు తీసి, తాత్కాలికపు తొడుగు పెట్టుదురు. పిమ్మట లోహముతోనో, లోహముపై పింగాణితోనో, జిర్కోనియాతోనో చేసిన సేతువును అతికింతురు. కరచినప్పుడు ఎత్తుగా తోచినచో అప్పుడే చెప్పవలెను. మొగమాటపడి యింటికి రారాదు.

ఇక నా తప్పు. సేతువు పడగానే చింత తీరినదనుకొంటిని. పింగాణి పుచ్చదు; నిజమే. దానిక్రింది జామీనుదారు పుచ్చును! రెండేండ్లకే తొడుగు అంచున ఒక పన్ను పుచ్చెను. సేతువంతయు కోసి తీసి, పంటివేరు శుద్ధిచేయించి, మరల కట్టించుకొంటిని. ఒకే ఖర్చు నా చిట్టాలో రెండుమార్లెక్కెను.

కావున వినుడు. దినమునకు రెండుమార్లు ఫ్లోరైడు కలిసిన పేస్టుతో తోముకొనుడు. కృత్రిమదంతము క్రిందికి వేపపుల్లయు పోదు, బ్రష్షును పోదు. గట్టికొన గల ఫ్లాసుదారమును సేతువు క్రింద దూర్చి, రాత్రి పరుండకముందు అటునిటు లాగి శుభ్రపరచుకొనవలెను. సందులు తోము సన్నని బ్రష్షులును గలవు. పోకచెక్కలు కొరుకుట, చెరకు చీల్చుట, జీళ్ళు నములుట మానుడు. చుట్ట మానినచో చిగుళ్ళకు మేలు. ఆరునెలల కొకమారు వైద్యునికి చూపుడు. సేతువు కదలినను, చల్లనీరు జివ్వుమనిపించినను, దుర్వాసన తోచినను జాగుచేయకుడు. చక్కగా కాపాడుకొనినచో పది పదునైదేండ్లు నిలువవచ్చును.

నలుడు కట్టిన సేతువు వానరసేనను దాటించెను. మన నోటిలోని సేతువు ప్రతిదినము మూడుపూటల అన్నమును దాటింపవలెను. దాని స్తంభములను కాపాడుట మన పని.

నేటి రాత్రి ఇచ్చట మరల భారతపఠనము కలదు. ఈ మారు నవ్వుటకు కారణము దొరకదని పిల్లలకు మనవి చేసి సెలవు తీసికొనుచున్నాను.