చుట్టాలొచ్చే శనివారం

ఎండాకాలం, శనివారం. తిరుపతి ఇళ్లలో శని, ఆదివారాల సందడి మీకు తెలిసిందే. కొండకెళ్లిన చుట్టాలు దర్శనం చేసుకుని మన గడప తొక్కుతారు. రానీండి, సంతోషమే. కానీ ఆ హడావిడిలో అంగడికి పరిగెత్తి కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు తెస్తాం. డబ్బు పోతుంది, కడుపు నిండదు.

అందుకే శుక్రవారం రాత్రే డబ్బాలు తెరిచి చూడండి. రాగిపిండి ఉందా? చెనక్కాయ విత్తనాలు ఉన్నాయా? అలసందలు, ఉలవలు? ఉన్నవాటితో ఏం వండొచ్చో ముందు అనుకోండి. లేనివే చీటీలో రాయండి. చీటీలో ఉన్నవే కొనండి.

కూరగాయలకు పొద్దున్నే రైతుబజారుకు వెళ్లండి. రైతు నేరుగా అమ్ముకోవాలని 1999లో మన రాష్ట్రంలో మొదలైన బజార్లివి. ఆనాటి ధరలు బోర్డు మీద రాసుంటాయి. ముందు బోర్డు చదవండి, తర్వాతే సంచీ తెరవండి. మదనపల్లె టమాటా మార్కెట్ మనకు మరీ దూరం కాకపోయినా, టమాటా ధర ఎప్పుడు ఎక్కుతుందో చెప్పలేం. ఎక్కిందా, దిగులొద్దు. ఈ కాలంలో మామిడికాయకు కరువేముంది? పప్పులోకి ఒక్క కాయ చాలు.

ఇక పిల్లల దాహానికి నా మాట వినండి. రాత్రి రాగి అంబలి కాచి పెట్టండి. పొద్దున మజ్జిగ, ఉప్పు కలపండి. ఎర్రగడ్డ సన్నగా తరిగి వేయండి. రాగుల్లో కాల్షియం దండిగా ఉంటుంది. ఒక్క గిన్నె కాస్తే ఇంటిల్లిపాదికీ వస్తుంది. నంజుకోను వేయించిన చెనక్కాయలు గుప్పెడు పెట్టండి. చుట్టాలు రెండో గ్లాసు అడుగుతారు, చూడండి.