వాడిన కారు – వారంటీ చీటీ
పాత కారు కొన్న మూడవ నెలలోనే ఒక మిత్రునికి గేర్లు పడుట మానినవి. వారంటీ చూపగా విక్రేత, “అది సహజమైన అరుగుదల” అని తల త్రిప్పినాడు. క్లచ్చి ప్లేటు అరుగుట నిజమే. గేరుబాక్సులోని పళ్లు మూడు నెలలకే విరుగుట అరుగుదల యెట్లగును?

నిరాకరణకు కారణమును వ్రాతమూలకముగా అడుగవలెను. విప్పిన భాగములను పారవేయనీయరాదు, అవియే సాక్షులు. వేరొక మెకానిక్కుచే పరీక్ష చేయించి నివేదిక గైకొనవలెను.

అప్పటికిని వినకున్నచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, కొన్నవారు తాము నివసించు జిల్లాలోని కమిషనుకే ఫిర్యాదు చేసికొనవచ్చును. వివాదము పుట్టిన నాటినుండి గడువు 2 సంవత్సరములు. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు.

బాడుగబండియైనచో కొంత చిక్కు కలదు. జీవనోపాధికై స్వయముగా నడుపుకొనువాడు వినియోగదారుడే. లాభమునకై పది బండ్లు త్రిప్పు యజమాని కాడు.