గులాబి పుట్టుపూర్వము



మాది పరిగి. జయమంగలి పెన్నేటిలో కలియుచోట పెద్ద చెరువుగల గ్రామము. అయిదవ శతాబ్దినాటి గాంగరాజుల పెనుకొండ తామ్రశాసనమునందు ఈ సీమ పరువి విషయముగాను, చెరువు పరువి మహాతటాకముగాను పేర్కొనబడినవి. పరువి కాలక్రమమున పరిగి అయినది. పేరు నోటినుండి నోటికి మారినను, చెరువు ఆనవాలుగా నిలిచియుండుటచేత ఊరిని పోల్చుకొనగలిగితిమి. గులాబులకును ఇట్టి పేరు మార్పులు, ఇట్టి ఆనవాళ్లు కలవు. ఆ సంగతి నేను గ్రంథములవలన గాక, నేను చేసిన ఒక తప్పువలన తెలిసికొంటిని. దానినే నేడు మనవి చేసెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పట్టణమున మొక్కలమ్మువానియొద్ద 'పీస్' అను గులాబిని కొనితెచ్చితిని. పీస్ అనగా శాంతి. లేత పసుపురేకులు, అంచున గులాబివన్నె, దోసిలి నిండునంత పువ్వు. బావిగట్టున నాటితిని. రెండేండ్లు చెప్పినట్లే పూచినది. మూడవ వేసవిలో నేను రెండు నెలలు ఊర లేనందున నీరులేక పైకొమ్మలు ఎండిపోయినవి. వానలు పడగానే మొదటినుండి బలమైన చివుళ్లు లేచి, గుత్తులుగుత్తులుగా చిన్న పూలు పూచినవి. రంగు వట్టి గులాబివన్నె. వాసన మాత్రము వీధిదాక వచ్చుచుండెను.

నాకు కోపము వచ్చినది. సంతనాడు అతని అంగడికిపోయి, పదిమంది వినుచుండగా, జాతినిలువని మొక్కనమ్మిన మోసగాడవంటిని. అతడు మారుపలుకలేదు. "సామీ, ముడి కింద చూసినారా?" అని మాత్రమడిగెను. ముడి యననేమో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకొనుటకు అభిమానము అడ్డువచ్చి, తిరిగివచ్చితిని.

తరువాత విచారింపగా తెలిసినదిది. గులాబిని విత్తనమునుండి పెంచినచో తల్లిని పోలిన మొక్క రాదు. ఒక ఇంటి బిడ్డలు నలుగురును నాలుగు తీరులుగా ఉన్నట్లు, ఒక కాయలోని విత్తులు వేరువేరు గులాబులగును. కావున పేరుగల గులాబిని పెంచుటకు సాధారణముగా దాని కన్నును తీసి మరియొక మొండిమొక్కకు అంటు కట్టుదురు. మొండిమొక్క కాండమున బెరడును కోసి, ఆ చీలికలో కన్నునుంచి కట్టుదురు. కన్ను చిగిర్చిన పిమ్మట మొండిమొక్క పైభాగమును కోసివేయుదురు. అంటు కట్టినచోట బుడిపె నిలిచిపోవును. ముడి యనునది అదియే. ముడికిపైన ఒక వంశము, ముడికి క్రింద మరియొక వంశము. క్రిందినుండి లేచు పిలకలను తీయకున్నచో అవి బలమునంతయు లాగికొని పైదానిని చంపును. నా బావిగట్టున పూచినది పీస్ కాదు. దానిని మోసిన వేరుమొక్క. అమ్మినవాడు నిజమే అమ్మినాడు. పోషింపలేనివాడను నేను.

ఆ వేరుమొక్కను తోటలవారు ఎడ్వర్డు గులాబి అందురు. ఇంగ్లీషు రాజైన ఎడ్వర్డు పేరు దీనికి పెట్టినారని మా ప్రాంతమున పలువురు చెప్పగా వింటిని. అది పొసగదు. ఈ పేరు పుట్టినది 1817 ప్రాంతమున. అప్పుడు ఇంగ్లండునేలినవాడు మూడవ జార్జి. ఏడవ ఎడ్వర్డు సింహాసనమెక్కినది 1901లో.

అసలు కథ హిందూమహాసముద్రములోని బూర్బన్ ద్వీపమున జరిగినది. నేడు దానిని రెయూనియన్ అందురు. ఫ్రెంచివారి దీవి. అచ్చటి రైతులు చేల చుట్టును రెండు తీరుల గులాబులను కలిపి కంచెగా వేయుచుండిరి. ఒకటి చీనాదేశపు గులాబి, రెండవది శరత్కాలమునను పూచు దమస్కు గులాబి. 1817లో ఆ దీవికి వచ్చిన బ్రెయోన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, సెయింట్ బెన్వా గ్రామమున ఎదువార్ పెరిషోన్ అను భూస్వామి తోటలో, ఆ రెంటికిని చెందని మొక్కను గుర్తించెను. తేనెటీగలు ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వునకు చేర్చగా పుట్టిన బిడ్డ అది. భూస్వామి పేరనే దానికి 'ఎదువార్ గులాబి' యని పేరు వచ్చెను. మనదేశము చేరి ఎదువార్ ఎడ్వర్డు అయినది, పరువి పరిగి అయినట్లే. దాని విత్తనములు ఫ్రాన్సుకు పోయి బూర్బన్ గులాబులను వంశమునకు మూలమైనవి. నేటి తోటగులాబులలో చాలవాటియందు ఆ వంశపు పాలు కలదు.

దాని తాతముత్తాతలను వెదకిన, కథ మరల మనదేశమునకే వచ్చును. దమస్కు గులాబి మూడు అడవిజాతుల కలయికయని, అందొకటి మధ్యాసియాకు చెందినదని, 2000లో జపాను శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షచే తేల్చిరి. చీనా గులాబియందు గిగాంటియా అను తీగజాతి పాలు కలదు. ఆ తీగ మణిపురపు కొండలలోను, బర్మాలోను పెరుగును. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, కొడైకెనాల్‌లో స్థిరపడిన వీరరాఘవన్‌గారు, వారి సతీమణి గిరిజగారు, ఈ గిగాంటియాతోను, మనదేశపు క్లైనోఫిల్లా జాతితోను, వేడిని ఓర్చు కొత్త గులాబులను పుట్టించిరి. వారు పుట్టించిన ఒక గులాబికి వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు పెట్టిరి.

ఇక ముడికి పైనున్న పీస్ సంగతి. దీనిని పుట్టించినవాడు ఫ్రాన్సుదేశపు ఫ్రాన్సిస్ మెయాన్. 1935లో చేసిన సంకరములోనిది. ఫ్రాన్సున దానికి అతడు తన తల్లి పేరు పెట్టెను. జర్మనీలో ఒక పేరు, ఇటలీలో మరియొక పేరు వచ్చినవి. అమెరికావారు 1945 ఏప్రిల్ 29న, రెండవ ప్రపంచయుద్ధము ముగియుచున్న దినములలో, శాంతియని పిలిచిరి. దీని పూర్వులలో 'సువెనీర్ ద క్లోదియూస్ పెర్నే' అను పసుపు గులాబి కలదు. అనగా క్లోదియూస్ పెర్నే జ్ఞాపకార్థమని భావము. పెర్నే దుషే అను తోటమాలి, మొదటి ప్రపంచయుద్ధమున చనిపోయిన తన కుమారుని పేర 1920లో దానిని వెలువరించెను. కుమారుని పోగొట్టుకొన్న తండ్రి నిలిపిన పేరు ఒక పువ్వునకు, ఆ పువ్వు వంశమున శాంతి. ఇది తెలిసిననాడు, శాంతియను మొక్కకొరకై నేనాడిన పరుషవాక్యము నాకే కటువుగా తోచినది.

పదిమందిలో అన్నమాటను పదిమందిలోనే వెనుకకు తీసికొనవలెను. మరల సంతనాడే పోయి, తప్పు నాదేనని చెప్పితిని. అతడు నవ్వి, "పోనీలే సామీ, చెట్టు బతికింది గదా" అనెను. మరియొక పీస్‌ను కొనితెచ్చితిని. పాత ఎడ్వర్డును మాత్రము పెరికివేయలేదు. ఇంటి ఆడువారు దాని పూలను పూజకు కోయుచున్నారు.

శ్రోతలలో గులాబి నాటువారికి నా విన్నపము. ముడి మన్నులో మునుగకుండ నాటుడు. ముడి క్రింద పిలక కనబడినయెడల పైపైన కత్తిరింపక, మన్నుతీసి అది పుట్టినచోటనే తొలగింపుడు. పూవు మారినదని ఎవరినైనను నిందింపబోవునప్పుడు, ముందు ముడి క్రింద చూడుడు.